కోడుమూరు మామ తెచ్చిన పలుపు

పాత తెరచాప పడవ కొనడానికి చెన్నైకి పోతూ కోడుమూరు మామను వెంట తీసుకుపోయాను. ఎద్దుల బేరంలో ఆయనది అందెవేసిన చేయి. సముద్రాన్ని చూడడం మాత్రం అదే మొదలు. ఏది కొన్నా ఆయన అడిగేది ఒక్కటే: "ఎందుకమ్ముతాండావప్పా?"

అక్కడ రెండు పడవలు చూశాం, రెండూ ఒకే పొడవు. మామ అడిగితే మొదటి పడవాయన, "ఏ లోపమూ లేదు, ఊరికే" అన్నాడు. రెండో ఆయన, "అడుగున నీళ్లు కారతాయి. ఎక్కితే మా ఆవిడకు వాంతులు" అన్నాడు.

"ఇదే కొను, అల్లుడా. ఈయప్ప ఏమీ దాసల్యా," అన్నాడు మామ.

బేరం కుదిరింది. మా వైపు ఎద్దును అమ్మినవాడు పలుపుతాడు తనే ఉంచుకుంటాడు. కొన్నవాడు కొత్తది తెచ్చుకోవాలి. మామ పడవ తాడు విప్పి పాత యజమాని చేతిలో పెట్టి, ఊరి నుంచి తెచ్చిన కొత్త పలుపు కోసం సంచిలో వెతికాడు. తలెత్తేసరికి పడవ పది గజాల దూరంలో ఉంది.

నేను లబోదిబోమన్నాను. మామ మురిసిపోయాడు.

"సూడల్లుడా, అదిలించకుండానే ఎట్ల నడుస్తాండాదో!"