మా చెల్లె కోరిన ఎండ్రికాయల పులుసు

మూఢనమ్మకాల మీద మాట్లాడమని ఎవరు పిలిచినా కాదనను. గ్రహణం పూట గర్భిణిని చీకటి గదిలో కూర్చోబెట్టడం మీద బడుల్లో మాట్లాడాను, గ్రంథాలయాల్లో మాట్లాడాను, ఒకసారి పెళ్లి పందిట్లో మాట్లాడి పెళ్లివారితో తిట్లు కూడా తిన్నాను. ఇచ్చోడ దాకా బస్సులో పోయి, మైకు పనిచేయకపోతే వట్టి గొంతుతోనే గంటన్నర వాదించి వచ్చిన రోజు ఒకటుంది. ఎదుటివాళ్లు ఒప్పుకున్నారో, అలసిపోయి ఊరుకున్నారో అప్పుడు నేను పట్టించుకోలేదు. అంతటి నేను మా ఇంట్లో, నన్ను కన్న మా అవ్వ ముందు, ఒక గిన్నెడు పులుసు దగ్గర చేయకూడని పని చేశాను. అది ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

మా ఊరు మంథని దగ్గర. చెల్లెను లక్సెట్టిపేటలో ఇచ్చాం. తొలిసూలు కాబట్టి ఏడో నెలలో ఇంటికి తీసుకొచ్చాం. వచ్చేనాటికి పిల్ల సగమైపోయి ఉంది. మొదటి నెలలన్నీ వాంతులే. అవి తగ్గినా ఆకలి తిరిగి రాలేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు ఇటు నుంచి అటు జరిపి లేచిపోయేది. దవాఖానలో డాక్టరమ్మ బరువు చూసి, మొహం ముడిచి, "ఏది తినాలనిపిస్తే అది తిను, బాగా ఉడికించుకుని తిను" అంది. తినాలని ఏదీ అనిపించకపోవడమే దాని బాధ. అవ్వ రోజుకో కూర వండుతుండేది. చెల్లె రోజుకో సాకు చెప్తుండేది.

నాట్లు అయిపోయిన రోజులవి. ఒకరోజు పొద్దున్నే బాపు పొలం నుంచి తిట్టుకుంటూ వచ్చాడు.

"మడిల చుక్క నీళ్లు లేవు. అన్ని కింది మడికి దిగినయి. ఎండ్రికాయలు ఒడ్డును జల్లెడ చేసినయి."

పీతల మాట వినగానే గోడకు ఆనుకుని కూర్చున్న చెల్లె తలెత్తింది.

"పెద్దయా, బాపూ?"

"అరచెయ్యంత ఉన్నయి బిడ్డా."

"నాలుగు పట్టకొస్తే ఏంబోయింది? పులుసు వండుకుందుము."

ఇన్ని నెలల్లో ఆ పిల్ల తన నోటితో తాను అడిగిన మొదటి తిండి అది. నాకు ప్రాణం లేచి వచ్చింది. బకెట్ కోసం లేచాను కూడా. వంటింట్లోంచి అవ్వ గొంతు వచ్చి నన్ను నిలబెట్టింది.

"అద్దు. కడుపుతోటి ఉన్నోళ్లు ఎండ్రికాయ ముట్టద్దు. పుట్టే పిల్ల పక్కకు నడుస్తది."

ఇలాంటి మాట నా ఎదుట అనడమంటే, ఎండుగడ్డి పక్కన అగ్గిపుల్ల గీయడమే. నేను వంటింటి గడపలో నిలబడి మొదలుపెట్టాను. చేపలు తిన్న తల్లుల పిల్లలు పుట్టంగనే గోదావరి ఈదుతున్నారా? మేక కూర తిన్న తల్లుల పిల్లలు మే మే అంటున్నారా? మన ఊళ్లో కోడి కూర తినని గర్భిణి లేదు, మరి ఎంతమంది పిల్లలకు రెక్కలు వచ్చాయి?

అవ్వ ఉల్లిగడ్డ కోస్తూ తల ఎత్తకుండా అంది: "రెక్కలు రాలే గని, ఇంకోటి వచ్చింది. నువ్వు కడుపుల ఉన్నప్పుడు నేను పుంజును తిన్న. గందుకే తెల్లారకముందే కూస్తవు."

బాపు బయట నవ్వాడు. చెల్లె కూడా నవ్వింది. నా పక్షాన నిలబడాల్సిన మనిషి అది.

"డాక్టరమ్మ ఏదైనా తినుమన్నది గద అవ్వా" అన్నాను.

"ఎండ్రికాయ పేరు తీసిందా? గుడ్డు అన్నది, చేప అన్నది, ఆకుకూర అన్నది. నేను పక్కనే ఉన్న."

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె పనిలో ఉండి విసుక్కుంటూ "ఉడికిస్తే ఏం కాదు" అంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి అవ్వకు వినిపించాను. అవ్వ శ్రద్ధగా విని, "ఆమె పట్నంల చదువుకున్నది, మన ఎండ్రికాయను చూసిందో లేదో" అని పొయ్యి వైపు తిరిగింది.

రెండు రోజులు వాదించాను. నా దగ్గర ఉన్న ఆధారాలన్నీ ఖర్చు చేశాను. అవ్వ ఒక్క ఆధారం కూడా చూపలేదు, ఆమెకు ఆ అవసరం కలగలేదు. ఈ రెండు రోజుల్లో చెల్లె తిన్నది పూటకు గుప్పెడు. మూడో రోజు పొద్దున, పళ్లెం అలాగే వదిలి లేస్తూ నా వైపు చూసి, "అన్నా, నువ్వు గెలుసుడు నాకద్దు. నాకు పులుసు కావాలె" అంది.

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. నేను వాదన గెలవడానికి చూస్తున్నాను, పిల్ల ఆకలితో ఉంది. అప్పుడు ఆ పాడు ఆలోచన వచ్చింది. దాన్ని నా సహచరులు విని ఉంటే మళ్లీ ఏ వేదిక ఎక్కనిచ్చేవాళ్లు కాదు.

"అవ్వా, కడుపుతో ఉన్నామె నోరు తెరిచి అడిగింది పెట్టకపోతే ఏమైతదంటరు?"

అవ్వ చేతిలో చాట ఆగింది. మా వైపు తెలియని వాళ్లుండరు. గర్భిణి కోరింది పెట్టకపోతే పుట్టిన బిడ్డకు చెవుల్లో చీము కారుతుందని అంటారు. ఆ నమ్మకాన్ని నేను ఎన్ని సభల్లో చీల్చి చెండాడానో లెక్కలేదు.

"గది నువ్వు నమ్మవు గద?" అంది అవ్వ, అనుమానంగా.

"నేను నమ్మ. నువ్వు నమ్ముతవు."

అబద్ధం ఒక్కటీ ఆడలేదు. అయినా మొహం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. మనిషి భయాన్ని తీసేయాలని ఇన్నాళ్లు తిరిగినవాణ్ని, ఒక భయం మీదికి ఇంకో భయాన్ని ఉసిగొలిపి, ఏది గెలుస్తుందా అని చోద్యం చూస్తూ నిలబడ్డాను. మాంత్రికులు చేసే పని ఇదే. కాకపోతే వాళ్లకు నిమ్మకాయలు ఖర్చవుతాయి.

అవ్వ చాలాసేపు బియ్యం చెరిగింది. చెరిగిన బియ్యాన్నే మళ్లీ చెరిగింది. చివరికి తీర్పు చెప్పింది.

"సరే. వండుత. కాళ్లు మాత్రం పెట్ట. నడక కాళ్లల్లనే గద ఉంటది. నడిమి డొప్పలది తింటది, పులుసు పోసుకుంటది. గంతే. నువ్వు మల్ల నోరు తెరవద్దు."

నోరు తెరవనని మాటిచ్చాను. ఒప్పందంలో నాకు కష్టమైన షరతు అదే.

ఎండ్రికాయలు పట్టడానికి నేను ఒక్కణ్నే పోతానన్నాను. "నువ్వా?" అని అవ్వ చీర కుచ్చిళ్లు దోపుకుంది. బకెట్ నాకిచ్చి తను ముందు నడిచింది. నేను బయలుదేరే ముందు ఫోన్‌లో ఎండ్రికాయలు పట్టే వీడియో ఒకటి చూసి, సగం శాస్త్రం నేర్చుకుని ఉన్నాను. గుండ్రటి బొరియ పాముది, అడ్డంగా ఉన్నది ఎండ్రికాయది అని ఆ వీడియోలో చెప్పారు. ఒడ్డు మీద అడ్డంగా ఉన్న మొదటి బొరియ చూసి చేయి పెట్టబోయాను.

"ఆగు!" అని అవ్వ నా మణికట్టు పట్టుకుంది. "మూతికి సాలెగూడు అల్లి ఉన్నది, కండ్లు కనవడ్తలెవ్వా? లోపలికి వొయ్యి వచ్చేది ఉంటే గూడెట్ల నిలుస్తది? గిది వట్టిది. లేకుంటే లోపల ఇంకోటేదో పండుకున్నది."

ఇంకో పొక్క చూపించింది. దాని మూతి దగ్గర తడి మట్టి ఉండలు ఉండలుగా కుప్పపోసి ఉంది. "గీ మట్టి పొద్దుగాలది. ఎండితే నిన్నటిది. నీళ్లల్ల చిన్నగ నురుగు చూడు. ఉన్నది లోపల." అని గడ్డిపోచ లోపలికి పెట్టి కదిపింది. పోచ బిగుసుకుంది. అవ్వ నెమ్మదిగా, తొందర లేకుండా లాగింది. గోధుమరంగు ఎండ్రికాయ ఒకటి పోచను వదలకుండా వెలుతురులోకి వచ్చింది. వెనక నుంచి బొటనవేలు, చూపుడువేలుతో డొప్పను నొక్కి బకెట్లో వేసింది. దాని కత్తెర కాళ్లు గాలిలో ఎవరినో వెతుక్కుంటూ ఉన్నాయి.

నేను అక్కడ గట్టు మీద నిలబడి ఒక సంగతి గమనించాను. ఈ ఒడ్డు మీద మా అవ్వ ఎవరి మాటా నమ్మలేదు. చూసింది, తడిమింది, పోచ పెట్టి పరీక్ష చేసింది, అప్పుడు చేయి పెట్టింది. గుడ్డిగా నమ్మినవాణ్ని నేనే, అదీ ఫోన్‌లో కనబడిన ఎవరో మనిషిని. వంటింట్లో ఈ బుద్ధి ఎక్కడికి పోతుంది ఈమెకు అనుకున్నాను. అడుగుదామంటే, నోరు తెరవనని మాటిచ్చి ఉన్నాను.

తర్వాత ఒకటి నేనే పడతానని పట్టుబట్టాను. పట్టాను. సరిగ్గా చెప్పాలంటే అదే నన్ను పట్టింది. నా చూపుడువేలు దాని కత్తెరలో ఉంది, నా కేక పక్క పొలాల దాకా పోయింది.

"గుంజకు! గుంజితే ఇంక గట్టిగ వడ్తది. చెయ్యి నీళ్లల్ల పెట్టు, అదే ఇడుస్తది."

నీళ్లలో పెట్టాను. కొంచెంసేపు ఆలోచించుకుని వదిలింది. వేలు మీద రక్తపు చుక్క చూసి అవ్వ కొంగుతో తుడుస్తూ, "దానితోటి గూడ వాదించినవా కొడుకా?" అంది.

తిరిగి వచ్చేముందు పట్టిన ఒకదాని కడుపు కింది మూతను అవ్వ గోటితో ఎత్తి చూసింది. లోపల ఆవగింజలకన్నా కొంచెం పెద్దవి, పదుల కొద్దీ పిల్లలు అంటుకుని ఉన్నాయి. అవ్వ దాన్ని తీసుకుపోయి, అది దొరికిన పొక్క ముందే వదిలింది. అది పక్కకు నడుస్తూ లోపలికి పోయింది. దాని తల్లి ఏం తిన్నదని ఇది ఇలా నడుస్తుంది అనే ప్రశ్న నా నాలుక చివర దాకా వచ్చింది. వేలిని చూసుకుని మింగేశాను.

బకెట్లో పదమూడో పద్నాలుగో ఉన్నాయి. అవ్వ వాకిట్లో కూర్చుని డొప్పలు ఊడదీసింది, లోపలి దూది లాంటి దాన్ని తీసి పారేసింది, పసుపుపచ్చటి గుజ్జును వేలితో గీకి గిన్నెలో దాచింది. అల్లం, ఎల్లిగడ్డ, ఎండుకొబ్బరి కుడుక, ధనియాలు నూరింది. చింతపండు పిసికింది. వాసన బయటికి వచ్చేసరికి చెల్లె గోడ దగ్గర నుంచి పొయ్యి దగ్గరికి జరిగింది. అప్పుడు అవ్వ చేతులు, ఎప్పుడూ చేసే పనే చేశాయి. పీకి పక్కన పెట్టిన సన్న కాళ్లన్నీ రోట్లో వేసి దంచాయి, నీళ్లు పోసి పిసికాయి, బట్టలో వడగట్టి ఆ రసాన్ని కుతకుత ఉడుకుతున్న పులుసులో పోశాయి. మా ఇళ్లలో ఎండ్రికాయల పులుసుకు చిక్కదనం అట్లానే వస్తుంది.

నేను చూశాను. కాళ్లు పెట్టనన్న మనిషి, కాళ్లను దంచి పోసింది. ఇన్నేళ్ల వాదనల్లో నాకు ఇంత సుళువైన గెలుపు ఎదురుగా వచ్చి నిలబడలేదు. నోరు మూసుకున్నాను. ఆ పూట నేను చేసిన రెండో తప్పు అది.

నలుగురం కూర్చున్నాం. అవ్వ చెల్లె పళ్లెంలో డొప్పల దగ్గరి కండ వేసి, కత్తెర కాళ్లన్నీ ఏరి నా పళ్లెంలో వేసింది. చెల్లె పులుసు కలుపుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. తర్వాత కళ్లు తెరవడానికి దానికి తీరిక దొరకలేదు. మళ్లీ అన్నం పెట్టించుకుంది, మళ్లీ పులుసు పోయించుకుంది. అవ్వ గరిటె పట్టుకుని బిడ్డ నోటినే చూస్తూ ఉంది, తన పళ్లెంలో చేయి పెట్టకుండా. మూడోసారి పులుసు అడిగినప్పుడు అవ్వ మొహంలో వచ్చిన వెలుగు నేను ఎప్పుడూ చూడనిది.

అప్పుడు బాపు వేళ్లు నాక్కుంటూ, మెచ్చుకోలుగా అన్నాడు: "కాళ్ల రసం మంచిగ పోసినవు. గందుకే పులుసు గింత చిక్కగున్నది."

గరిటె గాలిలో ఆగిపోయింది.

అవ్వ రోలు వైపు చూసింది. చెల్లె పళ్లెం వైపు చూసింది. మొహంలో నెత్తురు లేదు. "నా చేతులకు ఏమొచ్చింది" అని మెల్లగా అంది. ఎంత పిచ్చి నమ్మకమైనా కానీ, ఆ భయం మాత్రం నిజమైనది. నేను మాట తప్పి మాట్లాడబోయాను. చేపలు, మేకలు, రెక్కలు, అన్నీ చెప్పి అయిపోయాయి.

చెల్లె ముద్ద మింగింది. నీళ్లు తాగింది.

"అవ్వా, రోట్ల దంచిన కాలు నడుస్తదా?"

అవ్వ ఆలోచించింది. బాపు కూడా ఆలోచించాడు.

"దంచినంక యాడ నడుస్తది" అంది అవ్వ, ఒక్కో మాట బరువు చూసుకుంటూ.

"ఇగ ఫికరేంది మరి? నేను గూడ పండ్లతోటి దంచే మింగుత. అన్న పళ్లెంలయి గా కత్తెర కాళ్లు జర ఇటియ్యి."

నేను తర్కం చదివినవాణ్ని. ఆ వాదనలో ఎన్ని తప్పులున్నాయో వేళ్ల మీద చెప్పగలను. ఒక వేలు ఎలాగూ పనిచేయడం లేదు. నోరు తెరిచేలోపే అవ్వ వంగి నా పళ్లెంలోంచి కత్తెర కాళ్లన్నీ, నేను సగం కొరికినదానితో సహా, తీసి చెల్లె పళ్లెంలో పెట్టింది.

చెల్లె అన్నిటికన్నా పెద్దది తీసుకుని పళ్ల మధ్య పెట్టి పటుక్కుమనిపించింది.

"మంచిగ నములు బిడ్డా" అంది అవ్వ, పులుసు పోస్తూ. "తొందరపడకు. మెత్తగయ్యేదాక నములు."