గంప మోసిన కుక్కల గురువు

కుక్కలకు పాఠాలు చెప్పే ఆయనకు ఒక అలవాటుండేది. పొద్దుగూకే వేళ కుక్క ముందు గొంతుక్కూర్చుని, "ఇయ్యాల నాకేం నేర్పినవ్ రా?" అని అడిగేవాడు. జగదల్‌పూర్‌లో ఒక అధికారి వేటకుక్కలను ఇరవై ఏళ్లు తీర్చిదిద్దిన మనిషి.

జగదల్‌పూర్ రాజుల సంస్థానం పోవడానికి రెండు వేసవుల ముందు, శబరి నది ఒడ్డున కుంట అనే ఊళ్లో ఉన్న మా దుకాణానికి వచ్చాడు. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు నిండి మూడు నెలలు. మా కుక్క సంతకు వచ్చే ఆడవాళ్ల మీదికి ఉరికేది. ఇంకొక్కసారి ఉరికితే శబరి అవతల వదిలేస్తానన్నాడు నాన్న.

మధ్యాహ్నానికల్లా అది కుక్కల గురువు నేర్పినట్టు కూర్చుంది, లేచింది. చింతపండు గంపతో ముసలామె కనబడగానే మళ్లీ ఎగబడింది. ఆయన దాన్ని కొట్టలేదు. గంప అడిగి తన తలకెత్తుకున్నాడు. అప్పటిదాకా మాట విన్న కుక్క ఆయన మీదికే మొరుగుతూ వచ్చింది!

"చూసినవా సావుకారీ? దీనికి మనిషి మీద పగ లేదు, గంపంటే బెదురు. నువ్వు మొయ్యి."

"నేనా? నడి బజార్ల?"

"మరి శబరి దాటిస్తవా?"

నాన్న నా మొహం చూసి గంప ఎత్తుకున్నాడు.

"నడుం నిలబెట్టు సావుకారీ, నా చింతపండు నేలపాలైతది!" అని గదమాయించింది ముసలామె. సంతంతా నవ్వింది. మొదట గుర్రుమన్న కుక్క నాన్న వాసన పట్టి, తోక ఊపుతూ వెంట నడిచింది. ఆ తర్వాత గంప ఆమె తలకెక్కినా తోక ఆగలేదు.

"దీనికి అన్నం పెట్టు," అన్నాడు నాన్న నాతో, చెమట తుడుచుకుంటూ.

కుక్కల గురువు మాత్రం ముసలామె పక్కన చేరి, "చెయ్యి పట్టకుంట ఎట్ల మోస్తవ్ అవ్వా? నాకు గూడ చెప్పు," అని అడుగుతున్నాడు.