నీలం చుక్క

ఇస్త్రీ బండి ఆయన రోజూ సాయంత్రం పెట్టెలో నిప్పులు ఆర్పేసి, మెడలో పాత కెమెరా తగిలించుకుని కాలువ వైపు పరుగులాంటి నడకతో పోతాడు. మంచం పట్టిన భార్య, కిటికీలోంచి ఎదురుగోడ తప్ప ఏమీ కనపడటం లేదని, ఒక్కసారి లకుముకి పిట్టను చూడాలని ఉందని అంది. డాక్టరు ఇక చేసేదేమీ లేదన్నాడు. ఆయనకు చేయడానికి ఇదొక్కటే మిగిలింది. దూరాన ఉన్నదాన్ని దగ్గరికి లాగే శక్తి ఆ కెమెరాకు లేదు. అందుకే బురదలో బోర్లా పడుకుని మోచేతుల మీద పాకుతాడు. చేతులు వణికి, ప్రతిసారీ బొమ్మ అలికేసినట్టు వస్తుంది. నిన్న మాత్రం ఊపిరి బిగబట్టి నొక్కాడు. మట్టి బట్టలతోనే ఇంటికి పరుగెత్తి, కెమెరా వెనక ఉన్న చిన్న తెరను ఆమె కళ్ళ ముందు పెట్టాడు.

"ఏదీ? నాకేం కనపడట్లేదు."

"ఇదిగో, ఈ నీలం చుక్కే," అని గోరుతో చూపించాడు. "ఇంకాస్త దగ్గరికెళ్తే ఎగిరిపోతోందే. రేపు అవతలి గట్టు నుంచి పాకి చూస్తాను."

ఆమె ఆ చుక్కను చాలాసేపు చూసింది. తర్వాత బురద అంటిన ఆయన మణికట్టు పట్టుకుంది.

"రేపు వెళ్ళకయ్యా. పిట్ట ఎక్కడికీ పోదు. నువ్వు నా దగ్గర కూర్చో."

ఆయన నిలబడ్డచోటే కూలబడి, ఆమె దుప్పటిలో మొహం దాచుకున్నాడు.