సరంగుకి కుట్టించిన నీడ

ఒమన్‌లో జూన్ నెల ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే మనుషులు ఇద్దరుండేవారు. మిగతా జనం ఏసీ గదుల్లో దూరి తలుపులు బిగించుకునే నెల అది. వీలున్నవాళ్ళు విమానమెక్కి చల్లటి దేశాలకు పోతారు. నూకరాజు, రామలక్ష్మి మాత్రం మే నెల పొడుగునా క్యాలెండరు వైపే చూసేవారు.

కారణం చిన్నది. జూన్ మొదలు ఆగస్టు చివరిదాకా, బయట ఎండలో పనిచేసేవాళ్ళకి మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు విరామం ఇచ్చి తీరాలని అక్కడ చట్టం. నూకరాజుది ఎండలో పని. రామలక్ష్మి చేతికి ఫోను దొరికేది సరిగ్గా ఆ వేళలోనే. ఏడాదిలో మూడు నెలలు మాత్రమే ఆ రెండూ కలిసేవి.

ఇద్దరిదీ కాకినాడ పక్కన ఒకటే ఊరు. ఆమెకి అతను మేనబావ. గోదావరి కాలవల మీద ఇసుక పడవలకి, ఆ తర్వాత లాంచీలకి సరంగుగా చేశాడు. చుక్కాని పట్టుకుని నిలబడటం తప్ప ఇంకో విద్య రాదు, నేర్చుకోవాలనీ అనుకోలేదు. లాంచీల పని పడిపోయాక ముందు రామలక్ష్మి మస్కట్ వచ్చింది, అల్ ఖువైర్‌లో ఒక బ్యాంకు ఆఫీసరు ఇంట్లో, ఆయన తల్లి సర్వరీ బేగాన్ని చూసుకునే పనికి. హైదరాబాదు కుటుంబం. ఏడాది తిరక్కుండా నూకరాజుకీ వీసా దొరికింది.

అతని పని మస్కట్‌కి గంటన్నర దూరాన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక రిసార్టులో. ఆ రిసార్టు వాళ్ళు ఇసక నేలను తవ్వి, ఉప్పునీళ్ళు మళ్ళించి, అటూ ఇటూ సిమెంటు గోడలు కట్టి ఒక కాలవ తయారుచేశారు. దాని మీద సన్నగా, పొడుగ్గా ఉండే పడవలో అతిథుల్ని గేటు దగ్గర నుంచి గదుల దాకా తిప్పుతారు. అతిథులు కూర్చునేచోట తెల్లటి పందిరి, దిండ్లు, తెరలు. సరంగు నిలబడే వెనక కొసకి, పడవవాళ్ళ మాటలో అమరానికి, ఏమీ లేదు. ఆకాశం ముందు చుక్కాని పట్టుకుని నిలబడ్డ మనిషి ఫొటోల్లో బాగుంటాడని దాన్ని అలా వదిలేశారట. బాగుండేవాడు కూడా. ఆ ఫొటోలన్నిటిలో నూకరాజు కళ్ళు చికిలించి ఉంటాడు. అతిథులు దాన్ని నవ్వనుకునేవారు.

మొగుడూ పెళ్ళాలు ఒకే దేశంలో ఉన్నారు కదా, ఎప్పుడో ఒకప్పుడు కలుసుకోకపోతారా అని అడగవచ్చు. అతనికి సెలవు దొరికిన రోజు ఆమెకి దొరకదు. ఏదో పండక్కి ఒక పూట దొరికితే మస్కట్‌లోనే రువీ అనే పేటలో ఒక హోటల్లో ఎదురెదురుగా కూర్చుని దోసెలు తిని, ఏం మాట్లాడాలో తోచక లేచొచ్చారు. మాట్లాడటం వాళ్ళకి ఫోన్లోనే అలవాటైపోయింది. రాత్రిళ్ళు రామలక్ష్మి పడక బేగం గదిలో, ముసలావిడ మంచం పక్కన. ఆవిడకి ఆకు కదిలినా మెలకువొస్తుందని ఫోను వంటింట్లో వదిలెయ్యమన్నారు. మధ్యాహ్నం భోజనమయ్యాక ఆవిడ కునుకు తీసే ఆ రెండు గంటలే రామలక్ష్మివి.

ఇలాంటి సంసారాల గురించి చెప్పేటప్పుడు త్యాగం అనే మాట ముందు పెట్టి, కళ్ళు తుడుచుకుని, తర్వాత అన్నం తినడానికి వెళ్ళడం మనకు అలవాటు. వాళ్ళ ఫోన్లు విన్నవాళ్ళెవరికీ ఆ మాట తోచదు.

"బావా, ఈవేళ బేగమ్మగారు నా పులుసు తిని, ఇందులో పడిన చేప ఈత రాక చచ్చిందా అనడిగారు."

"నీళ్ళెక్కువ పోసుంటావు."

"నువ్వు ఆవిడ పార్టీయా?"

"ఉప్పెంత వేశావు?"

"ఉప్పు మాటెత్తకు. మీ అమ్మ కూరల్లో ఉప్పు తినే నేను దేశం వదిలొచ్చేశాను."

ఇలా రెండు గంటలు. రెండు ఎండాకాలాలు ఇలాగే గడిచాయి.

మూడో ఏడాది మే నెలలో, చట్టం ఇంకా అమల్లోకి రాకముందు, ఒక మధ్యాహ్నం నూకరాజు కళ్ళు చీకట్లు కమ్మి చుక్కాని మీదే ఒరిగిపోయాడు. పడవ వెళ్ళి గోడకి కొట్టుకుంది. అతిథులకి దెబ్బలేమీ తగల్లేదు. పడవ ముక్కు పగిలింది. రిసార్టు రెండు పనులు చేసింది. డ్యూటీలో ఉన్న సరంగులు ఫోను లాకర్లో పెట్టాలని రూలు పెట్టింది, ఫోనుకీ పడిపోవడానికీ ఏ సంబంధమూ లేకపోయినా. రెండోది, స్టాఫ్ బాగోగులు చూసే హుమా అనే అమ్మాయి మేనేజరుతో కొట్లాడి అమరానికి కప్పు మంజూరు చేయించింది.

"అన్నా, పడవ రిపేరయ్యేలోపు రుసైల్ వెళ్ళి మీకు నచ్చింది మీరే చూసుకోండి. దాని కింద నిలబడేది మీరు కదా," అంది. హుమా మనసున్న మనిషి. ఆ మాట ఇక్కడే చెప్పెయ్యడం మంచిది, ఎందుకంటే ఈ కథలో చెడ్డవాళ్ళని వెతికేవాళ్ళకి ఆమె దొరకదు.

రుసైల్ పారిశ్రామికవాడలో టెంట్లూ టార్పాలిన్లూ కుట్టే షాపులో కటింగ్ మాస్టరు ఖాదర్‌వలి. కడప మనిషి. నూకరాజు తెలుగు వినగానే టీ తెప్పించి, గుడ్డలు పరిచాడు.

"మూడు రకాలుండాయి న్నా. కర్రకి బిగించే పెద్ద గొడుగు. అది గాలికి నిన్నూ పడవనీ కలిపి ఎత్తుకుపోతాది. ఇంకోటి షేడ్ నెట్, ఈ జల్లెడ మాదిరిది. ఎండ ఆపుతాది, గాలి ఆడతాది, బ్రిడ్జి కిందికి పోయేటప్పుడు ఒంటి చేత్తో మడిసెయ్యొచ్చు. మూడోది ఈ దట్టమైన ప్లాస్టిక్ గుడ్డ, పక్కలకి పరదాలు. నాలుగు పక్కలా మూస్తే రూమే. నా మాటిని నెట్ తీసుకో."

నూకరాజు నెట్‌ని వెలుతురుకి ఎత్తి చూశాడు. చిల్లుల్లోంచి ట్యూబులైటు కనబడింది.

"వానొస్తే?"

ఖాదర్‌వలి కత్తెర కింద పెట్టాడు. "ఏమొస్తే?"

"వాన. ఇందులోంచి కారిపోదా?"

"వాన యాడుందబ్బా ఈడ? ఎప్పుడో ఒకతూరి పడ్తే ఇస్కూళ్ళకి సెలవులిస్చారు. కార్లేసుకుని చూసేదానికి పోతారు."

"నువ్వు కడపోడివి, నీకేం తెలుసు వాన సంగతి. చుక్కాని వదిలి పోలేం. పట్టుకుని తడవాల్సిందే. మెడలో పడ్డ నీళ్ళు కాళ్ళ దాకా కారతాయి."

"వాన లేని దేశంలో వాన గురించి బెంగపడే నాయాల్ని నిన్నే చూస్తాండ," అని ఖాదర్‌వలి నవ్వి, "సరే, మీ ఇంట్లో ఆమెనడుగు," అన్నాడు.

మధ్యాహ్నమే. రామలక్ష్మి వీడియోలో గుడ్డలు రెండూ చూసింది. నెట్‌ని చూసి, "ఇదేంటి, దోమతెరా?" అంది. రెండోదాన్ని దగ్గరగా చూపించమంది. దాని మీద ఒక గ్లాసు నీళ్ళు పొయ్యమంది. ఖాదర్‌వలి తన టీ గ్లాసు కడిగిన నీళ్ళు పోశాడు. ఒక్క చుక్క దిగలేదు.

"అదే కుట్టించు బావా. పక్కల పరదాలు కూడా. కప్పంటే అటు ఎండకీ, ఇటు వానకీ ఆగాలి. సగం కప్పు ఎవరన్నా కప్పుకుంటారా?"

"వేడి పుడతాది తల్లీ దాని కింద," అన్నాడు ఖాదర్‌వలి ఫోను వైపు వంగి.

"ఎండ కంటేనా అన్నగారూ?"

ఖాదర్‌వలి కొలతలు రాసుకోవడం మొదలుపెట్టాడు. పైన తెలుపు, కళ్ళకి వెలుగు కొట్టకుండా లోపల ముదురు రంగు, చుక్కాని కర్ర తిరిగే మేర వదిలి నాలుగు ఊచలు, వంతెనల కింద వెనక్కి వాలేలా మడత బందులు, ముందు చూపుకి పారదర్శకమైన కిటికీ. అతనికి తెలిసిన పనితనమంతా పెట్టి కుట్టాడు. నూకరాజు తొలిరోజు దాని కింద నిలబడి తీసిన ఫొటోని రామలక్ష్మి వంటింట్లో నిలబడి పెద్దది చేసి చేసి చూసుకుంది. మెడ మీద నీడ పడింది. అది చాలు అనుకుంది.

జూన్ వచ్చింది. మొదటి రోజే మేనేజరు కాలవ ఒడ్డున నిలబడి పడవని అటునుంచీ ఇటునుంచీ చూశాడు. పైకప్పుంది. పక్కలకి గోడల్లాంటి పరదాలున్నాయి. కిటికీ ఉంది. ఇది క్యాబిన్, క్యాబిన్లో పనిచేసేవాడు ఎండలో పనిచేస్తున్నట్టు కాదు అన్నాడు. గదులు ఇచ్చేది రెండింటికి. అతిథులు దిగేదీ ఆ వేళకే. ఇన్నాళ్ళూ ఎండాకాలంలో ఆ వేళ పడవ లేక బండ్లు పెట్టాల్సొస్తోంది. ఇక పెట్టక్కర్లేదు. చట్టం అలా చెబుతుందో లేదో ఎవరూ ఎవర్నీ అడగలేదు.

నూకరాజు హుమా దగ్గరికి వెళ్ళాడు.

"మేడమ్, మధ్యాహ్నం రెస్టు పోయింది."

"నీడలోనే కదా అన్నా ఉన్నారు? నేను ఫ్యాన్ కూడా అడిగాను, చిన్నది. శాంక్షన్ అవుతుంది."

"నీడ కాదు మేడమ్. మా ఆవిడతో మాట్లాడుకునే టైమండి అది."

"రాత్రి మాట్లాడుకోండి అన్నా."

అల్ ఖువైర్‌లో ముసలావిడ మంచం, వంటింట్లో వదిలేసిన ఫోను, ఇదంతా ఆమెకి ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలో అతనికి తెలియలేదు. "అలాగే మేడమ్," అని వచ్చేశాడు. నెట్ కట్టించుకుని ఉంటే దాన్ని క్యాబిన్ అనడానికి ఎవరికీ నోరొచ్చేది కాదని ఆ మధ్యాహ్నం చుక్కాని దగ్గర ఉడుకుతూ అర్థం చేసుకున్నాడు.

కొన్నాళ్ళు వాయిస్ మెసేజీలు పంపుకున్నారు. రామలక్ష్మి మధ్యాహ్నం మాట్లాడి పంపితే అతను సాయంత్రం రూమ్‌లో వినేవాడు. ఆమె ఒక మాట అని ఆగేది. అతను ఏదో ఒకటి అంటాడని ఆగేది. అనడానికి అవతల ఎవరూ లేరని గుర్తొచ్చి, మళ్ళీ మొదలుపెట్టేది. ఆ ఖాళీలు రోజురోజుకీ పెరిగాయి. చివరికి, "ఏం లేదు బావా, రేపు చెప్తాలే," అనే మెసేజీలే మిగిలాయి.

అప్పుడు నూకరాజు ఒక పని చేశాడు. ఒక సాయంత్రం ఊచల దగ్గర కుట్లు నాలుగు తెంపి, గాలికి చిరిగిందని చెప్పి, కప్పు విప్పి రుసైల్ పంపించాడు. ఖాదర్‌వలికి ఫోన్ చేశాడు.

"తొందరేం లేదు. నిదానంగా కుట్టు."

"ఎంత నిదానంగా?"

"ఆగస్టు పోయేదాకా."

"నాలుగు కుట్లకి ఆగస్టు దాంకా అంటే నన్ను పనిలోనుంచి తీసేస్చారు న్నా," అన్నాడు ఖాదర్‌వలి. తర్వాత, "ఆమెతో మాట్లాడేదానికేనా?" అని, నూకరాజు అవునన్నాక, "సరే, సామాన్ల ఎనక పడేస్తాలే," అన్నాడు.

కప్పు లేదు కాబట్టి క్యాబిన్ లేదు. మధ్యాహ్నం పడవ ఆగిపోయింది. మర్నాడు ఒంటిగంట దాటాక రామలక్ష్మి ఫోన్లో అతని మొహం కనబడింది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, ఒకేసారి ఆగారు. బేగమ్మగారి పళ్ళసెట్టు పోయి బియ్యం డబ్బాలో దొరికిన కథ చెప్పింది. అతను పడీపడీ నవ్వాడు. అలా నాలుగైదు రోజులు నడిచింది.

"బావా, మెడ అటు తిప్పు," అంది ఒకరోజు.

"ఎందుకు?"

"తిప్పమన్నాను."

మెడ వెనక తోలు లేచిపోయి ఎర్రగా ఉంది. పొద్దుట ఎండా సాయంత్రం ఎండా కూడా అక్కడ ఎండే.

"కప్పేదీ?"

"కుట్లు పోతే రిపేరుకిచ్చాం."

"ఎప్పుడిస్తారంట?"

నూకరాజుకి అబద్ధం సరిగా రాదు. "ఆగస్టు," అన్నాడు.

రామలక్ష్మి వంటింటి గోడకి ఆనుకుంది.

"నువ్వే విప్పేశావు కదా."

"నీతో మాట్లాడాలి కదే మరి."

"మొన్న నువ్వు పడిపోతే ఆ కబురు నాకు ఎవరు చెప్పారు? మూడు రోజులయ్యాక నువ్వే చెప్పావు. రేపు పడిపోయి నీళ్ళలోకి జారిపోతే ఎవరు చెప్తారు? ఈ వంటింట్లో గిన్నెలు తోముతూ నువ్వు బతికున్నావనే అనుకుంటాను నేను."

"అంత దూరం ఎందుకెళ్తావు?"

"కప్పు కట్టేదాకా ఫోనెత్తను బావా."

"కడితే ఎత్తినా నేనుండను కదా."

"తెలుసు," అని పెట్టేసింది.

అన్నట్టే ఎత్తలేదు. రెండు వారాలు నూకరాజు పొద్దుటా సాయంత్రం బోడి అమరం మీద ఎండలో నిలబడ్డాడు, మధ్యాహ్నం నీడలో కూర్చుని మోగే ఫోనుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అటు వంటింట్లో ఆమె ఫోనుని పిండి గిన్నె పక్కన బోర్లా పెట్టి, అది మోగి ఆగేదాకా దాని మీద చెయ్యి ఉంచేది. ఒకసారి ఆ చెయ్యి తీసి వెళ్ళి బాల్కనీలో నిలబడింది, ఎత్తేస్తానేమోనని భయపడి. ఇద్దరిలో ఎవరిది పంతం అని తీర్పు చెప్పడం తేలిక. పడిపోతాడనే భయం మాత్రం ఆమెది నిజం.

చివరికి అతనే ఖాదర్‌వలికి ఫోన్ చేశాడు.

"ఇచ్చెయ్యి."

"ఏమన్నా, మాటలైపోయినాయా?"

"ఇచ్చెయ్యి అన్నా."

కప్పు బిగించారు. మధ్యాహ్నం పడవ మళ్ళీ తిరిగింది, ఒక్కోసారి ఒక్క అతిథీ లేకుండా. హుమా చెప్పినట్టే చిన్న ఫ్యాన్ తెచ్చి తన చేత్తో ఊచకి బిగించి, నూకరాజుని దాని కింద నిలబెట్టి ఫొటో తీసింది. స్టాఫ్ పేజీలో పెడతానంది. అతను ఆ ఫొటో అడిగి తీసుకుని రామలక్ష్మికి పంపాడు. కింద ఏమీ రాయలేదు.

ఆ మధ్యాహ్నం రామలక్ష్మి గిన్నెలు కడిగి, గట్టు తుడిచి, చెయ్యడానికి ఇంకేమీ లేక బేగం గది గుమ్మంలో కూర్చుంది. ముసలావిడ కళ్ళు మూసుకునే మాట్లాడింది.

"ఏందే లక్ష్మీ, ఇంట్ల సప్పుడే లేదు?"

"మీరు పడుకున్నారనండి."

"ఎవరు పడుకున్నరు? మూడేండ్ల సంది కండ్లు మూసుకొని నీ మొగుడితోని నీ లడాయిలు వింటున్న. వినుకుంట వినుకుంట నిద్రపోతుంటి. ఇప్పుడు నాకు నిద్ర వస్తలేదు."

రామలక్ష్మి సిగ్గుపడి తల దించుకుంది.

"కొట్లాడిన్రా?"

"లేదండి. ఆయనకి నీడ దొరికింది."

"నీడ దొరికితే నోరు పోతదా?"

రామలక్ష్మి ఫోను తెచ్చి ఫొటో చూపించింది. బేగం కళ్ళజోడు వెతికి పెట్టించుకుని, ఫోనుని దూరంగా జరిపి, దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది.

"మంచిగున్నడు," అంది. "చల్లగ ఉన్నట్టున్నడు."

"అవునండి."

"మరి మాట్లాడు పో. నేను కండ్లు మూసుకుంట."

రామలక్ష్మి ఫోను తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. ఆ వేళ నూకరాజు ఫోను లాకర్లో ఉంటుంది. కడిగి బోర్లించిన గిన్నెలన్నీ మళ్ళీ తొట్లో వేసి, ముసలావిడకి వినబడేలా కుళాయి పెద్దగా తిప్పింది.