పడవలో ఏడు నిమిషాలు

ఆఫీసులో అందరూ ఆవిడను పిన్ని అనే పిలుస్తారు, ఆవిడకన్నా నాలుగేళ్ళు పెద్దయిన వాచ్‌మన్‌తో సహా. ‘ఏడు రేవులు’ అనే ఆన్‌లైన్ గేమ్ తయారుచేసే కంపెనీ అది. ఆటగాళ్ళు ఆటలో ఎక్కడ ఎంతసేపు ఉంటున్నారు, ఎక్కడ విసుగెత్తి లేచిపోతున్నారు అన్నది పట్టిక వేసి, ప్రతి సోమవారం పెద్దసారు బల్ల మీద పెట్టడం పిన్ని పని. ఆటగాళ్ళ ఫిర్యాదులు చదివి జవాబులు రాసేవాళ్ళు కింది అంతస్తులో ఉంటారు. పిన్నిది పై అంతస్తు, కిటికీ పక్క కుర్చీ. భర్త చనిపోయిన ఏడాది ఆవిడ కూడా మొదట కింది అంతస్తులోనే చేరింది. పట్టికలు వెయ్యడం పట్టుబట్టి నేర్చుకుని, నాలుగేళ్ళకి మెట్లెక్కి ఆ కిటికీ దాకా వచ్చింది. ఆ కుర్చీ అంటే ఆవిడకు ప్రాణం.

గత పన్నెండు రోజులుగా మాత్రం అదే కుర్చీలో ముళ్ళమీద కూర్చున్నట్టుంది.

ఆటలో ఒక పెద్ద నది ఉంది. దాన్ని దాటడానికి ఒక పడవ. పడవ నడిపేది ఒక ముసలాయన, ఆటగాళ్ళందరికీ పడవ తాత. దాటడానికి సరిగ్గా ఏడు నిమిషాలు పట్టేది. తాతకు తప్పిపోయిన కూతురొకతె ఉంది. ఆమె ఎక్కడుందో ఒకరోజు చెబుతానని ఎనిమిదేళ్ళుగా ఊరిస్తూ వచ్చాడు. పన్నెండు రోజుల కిందట కంపెనీ ఆటను మార్చింది. తాత “నా కూతురు ఉన్నది...” అని నోరు తెరవగానే ఎక్కణ్ణుంచో బాణం వచ్చి గుచ్చుకుంది. తాత పోయాడు, పడవ మునిగింది. దాని స్థానంలో ఒక రాతి ద్వారం వెలిసింది. ఇటు అడుగు పెడితే అటు తేలడమే.

ఇక చూడండి! నలభై వేల ఫిర్యాదులు. “ఎనిమిదేళ్ళు కూర్చోబెట్టి, ఒక్క ముక్క చెప్పకుండా చంపేస్తారా? ఆ కథ రాసినవాడి చెయ్యి పడిపోను!” అని ఒకరు. “ద్వారం కావాలని మేం అడిగామా? మీ తెలివి తెల్లారినట్టే ఉంది” అని ఇంకొకరు. రోజుకి కొన్ని వందలమంది ఆట మానేసి పోతున్నారు. పెద్దసారు గురువారం నాలుగింటికి మీటింగు పెట్టాడు. ఎవరో ఒకరు బాధ్యత వహించాలన్నాడు. ఆ ఎవరో ఒకరు కథల మాస్టారేనని ఆఫీసులో చీపురుకట్టకు కూడా తెలుసు.

మాస్టారు ఒకప్పుడు బళ్ళో పాఠాలు చెప్పినవాడు. ఇప్పుడు ఆటకు కథలు రాస్తాడు. తాతను పుట్టించింది ఆయనే. పడవ తీసేస్తున్నామని చెప్పినప్పుడు, “తాతని గట్టు మీద కూర్చోబెడతానండీ, చంపడం దేనికి?” అని ఆయన బతిమాలాడు. “చంపెయ్యండి మాస్టారూ, గొడవ వదిలిపోతుంది” అని పెద్దసారు అనడం పిన్ని చెవులారా విన్నది. చంపమన్న నోరు వేరు, తిట్లు తింటున్న చెయ్యి వేరు. లోకంలో ఇది కొత్తేమీ కాదు.

మరి పడవను తీసెయ్యాలన్న బుద్ధి పెద్దసారుకి ఎలా పుట్టింది? అదీ పిన్ని పట్టికలోనే ఉంది. ఒక నిమిషంపాటు ఏ మీటా నొక్కని ఆటగాణ్ణి ‘ఖాళీ’ అనే వరుసలో వెయ్యడం ఆవిడ మొదట్నుంచీ పెట్టుకున్న పద్ధతి. పడవలో పదిమందిలో తొమ్మిదిమంది ఏడు నిమిషాలూ ఏ మీటా నొక్కరు. అది చూసి, ఎవరూ అడక్కుండానే, పట్టిక అడుగున ఎర్ర అక్షరాలతో ఆవిడే రాసింది: ‘ఆటగాళ్ళు విసిగిపోతున్న చోటు, పడవ.’ ఆ వాక్యం ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు, ఆవిడకు తప్ప. అయినా ఉన్న మాటే రాశాను, నా తప్పేముంది అని పన్నెండు రోజులూ తనకు తాను సర్దిచెప్పుకుంది. గురువారం పొద్దున్న కాఫీ దగ్గర అత్తగారు ఆ సర్దుబాటును ఒక్క దెబ్బతో కూలగొట్టింది.

ఇంట్లో ఉండేది అత్తాకోడళ్ళిద్దరే. అత్తగారికి డెబ్బై ఒకటి. మోకాలి ఆపరేషన్ తర్వాత పొద్దుపోవడానికని పిన్నే ఆవిడ ట్యాబ్‌లో ఆ గేమ్ పెట్టి ఇచ్చింది. ఇప్పుడావిడ కత్తి తిప్పితే కుర్రాళ్ళు కూడా దారిస్తారు. ఆ మనిషి పన్నెండు రోజులుగా కోడలితో మాట్లాడటం లేదు. కాఫీ గ్లాసు ఠక్కున పెట్టడం, తలుపు ధడేలుమని వెయ్యడం, అంతే. ఆ పొద్దున్న నోరు విప్పింది.

“మీ కంపెనీవాళ్ళకి అక్కాచెల్లెళ్ళు లేరా?”

“ఏమైందత్తయ్యా?”

“ఆ పడవ ఎందుకు తీసేశారు? అది చెప్పు.”

“అందులో ఎవరూ ఏమీ చెయ్యట్లేదత్తయ్యా. ఏడు నిమిషాలు ఊరికే కూర్చుంటున్నారు. విసుగే కదా మరి?”

“ఊరికే కూర్చున్నామని నీకెవరు చెప్పారు?”

“ఒక్క మీటా నొక్కట్లేదుగా!”

“మాట్లాడుకునేటప్పుడు మీటలెందుకు నొక్కుతామే పిచ్చిమొహమా!”

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అత్తగారి చెల్లెలు వేరే ఊళ్ళో ఉంటుంది. వాళ్ళ అమ్మ కుట్టుమిషను ఎవరికి చెందాలన్న దాని మీద ఇరవై ఏళ్ళుగా ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఫోను చేస్తే మూడో మాటకే మిషను దగ్గరికి వచ్చి, ఎవరో ఒకరు పెట్టేసేవాళ్ళు. ఆ చెల్లెలు మనవరాలి ట్యాబ్‌లో ఇదే ఆట మొదలుపెట్టింది. రెండేళ్ళుగా, సాయంత్రం ఐదింటికి, అక్కాచెల్లెళ్ళిద్దరూ పడవెక్కి మైకు తెరుచుకుని మాట్లాడుకుంటున్నారు.

“ఏడే నిమిషాలు కదా. దాని షుగరు, నా మోకాలు, పిల్లల చదువులు. మిషను దాకా వచ్చేలోపు రేవు వచ్చేసేది. దిగి ఇద్దరం కలిసి ఆ రాక్షసుల మీద పడేవాళ్ళం” అన్నది అత్తగారు. “ఆ ద్వారంలో మాట్లాడ్డానికి చోటేదే? పన్నెండు రోజులైంది, దాని గొంతు విని.”

“ఫోన్ చెయ్యచ్చు కదత్తయ్యా...”

“చేశాను. మిషను మాట రాగానే పెట్టేసింది.”

పిన్ని ఆఫీసుకి పరుగులాంటి నడకతో వెళ్ళింది. మైకు లెక్కలు వేరే విభాగం దగ్గర ఉంటాయి. పట్టికలు వేసిన ఐదేళ్ళలో ఎన్నడూ వాటిని అడిగిన పాపాన పోలేదు. అడిగి తెప్పించి, పడవ వరుస పక్కన పెట్టి చూసేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఖాళీ అని తను రాసిన ఆ తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది మైకులు తెరిచే ఉన్నాయి. ఆట మొత్తంలో జనం అన్నిటికన్నా ఎక్కువ మాట్లాడుకున్న చోటు పడవే.

చెబితే ఈ కుర్చీ ఉంటుందా? కుర్చీ పోతే పోయింది, ఉద్యోగమే ఊడితే? యాభై దాటిన మనిషికి కొత్తగా ఎవరిస్తారు? చెప్పకపోతే అడిగే నాథుడు లేడు. ఎర్ర అక్షరాలు ఎవరికీ గుర్తులేవు. కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మళ్ళీ తీసింది. మళ్ళీ పెట్టుకుంది. తేలు కుట్టిన దొంగలాగా మూడున్నర దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, ఒక్క మీటా నొక్కకుండా.

నాలుగింటికి మీటింగు గదిలోకి వెళ్ళేసరికి కథల మాస్టారు అప్పటికే వచ్చి ఉన్నాడు. ఒళ్ళో గుడ్డసంచి. అందులోంచి ఆయన టీ కప్పు చెవి, రెండు పెన్నులు బయటికి కనబడుతున్నాయి. బల్ల సర్దేసుకుని వచ్చాడు పాపం. అది చూడగానే పిన్నికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపం ఎక్కువగా తన మీదే.

“జనానికి కథ నచ్చలేదు. కథ ఎవరిదో మనందరికీ తెలుసు. కాబట్టి మాస్టారూ...” అని మొదలుపెట్టాడు పెద్దసారు.

“కథది కాదు సార్ తప్పు” అన్నది పిన్ని. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “పడవ తీసేశారు కాబట్టి తాతని చంపారు. పడవ తీసింది నా పట్టిక చూసి. ఆ పట్టిక తప్పు.”

పిన్ని రెండు కాగితాలూ బల్ల మీద పరిచింది. పాతది, ఎర్ర అక్షరాలతో సహా. కొత్తది, మైకులది.

“వాళ్ళు విసిగి కూర్చోలేదు సార్. కబుర్లు చెప్పుకుంటున్నారు. చేతులు కదలకపోతే మనిషి ఖాళీ అని రాశాను. నాకంత బుద్ధి లేకపోయింది.”

పెద్దసారు కాగితాలను చాలాసేపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. “నీ మాట నమ్మి కోట్లాది రూపాయల ఆటను తలకిందులు చేశాను, తెలుస్తోందా పిన్నీ?”

“తెలుస్తోంది సార్. పంపితే నన్ను పంపండి. ఆయన్ని కాదు.”

పెద్దసారు లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. “సరే, పడవ తిరిగి పెడదాం. మాస్టారూ, తాత చావలేదని రాసెయ్యండి.”

“రాయను” అన్నాడు మాస్టారు. అప్పటిదాకా నోరు మెదపని మనిషి. “చచ్చినవాణ్ణి లేపితే రేపు ఈ ఆటలో ఎవరి చావునీ ఎవరూ నమ్మరు. పడవని కూతురు నడుపుతుంది. తండ్రిని వెతుక్కుంటూ ఆమే ఆ రేవుకి వచ్చింది, ఒక్కరోజు ఆలస్యంగా. ఎనిమిదేళ్ళుగా జనం ఎదురుచూసింది ఆమె కోసమే కదండీ.” ఆ మాట అంటూ సంచిలోంచి పెన్ను తీశాడు.

పిన్నిని పంపించలేదు. కిందికి దింపారు. మర్నాటి నుంచి కింది అంతస్తు, కిటికీ లేని గది, ఫిర్యాదులకు జవాబులు. తొమ్మిదేళ్ళ కిందట మొదలుపెట్టిన చోటుకే. మెట్లు దిగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరగవా మరి? తప్పు ఒప్పుకున్నవాళ్ళకి గుండె తేలికవుతుందంటారు. ఆవిడకు మాత్రం కుర్చీ పోయిందనే అనిపించింది. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు.

మూడు వారాలకి పడవ తిరిగి వచ్చింది. తెడ్డు పట్టుకుని తాత కూతురు. తిట్టినవాళ్ళే ఏడ్చారు, ఏడ్చినవాళ్ళు మళ్ళీ తిట్టారు. ఆ సాయంత్రం పిన్ని ఇంటికి వచ్చేసరికి అత్తగారి గది తలుపు వేసి ఉంది. లోపల్నుంచి రెండు గొంతులు.

మర్నాడు పొద్దున్న ఆఫీసులో పిన్ని కంప్యూటర్ తెరిచేసరికి పైన ఒక కొత్త ఫిర్యాదు ఉంది. పేరు లేదు, ‘అయ్యా’ అని మొదలైంది.

“అయ్యా, మీ పడవ మరీ తొందరగా గట్టు చేరుతోంది. నిన్న మా చెల్లెలు మిషను సంగతి తనంతట తానే ఎత్తింది. తప్పు తనదేనని అనబోతుండగా రేవు వచ్చేసింది. దాన్ని మళ్ళీ ఎక్కించేసరికి మాట మార్చేసింది. దయచేసి పది నిమిషాలు చెయ్యగలరు.”

పిన్ని దాన్ని రెండుసార్లు చదివి కాగితం మీద అచ్చు తీసింది. అడుగున ఎర్ర పెన్నుతో ‘ఏడు చాలడం లేదు’ అని రాసి, చేతబట్టుకుని పై అంతస్తుకి మెట్లెక్కింది.