పేరు కోసేసిన పాట

ఏలూరులో మా కాలేజీలో ఐదేళ్ళుగా నేను చెబుతున్న పాఠం ఒకటుంది. జనం పాటల్లో ఆధునికోత్తర లక్షణాలు గుర్తించడం. ఒక పాట ముక్క తెచ్చి ఇంకో పాటకి అతికిస్తారు, పాతదీ కొత్తదీ కలిపేస్తారు, గొంతు ఎవరిదైతేనేం అంటారు, అసలు పాట ఏదని అడిగేవాళ్ళని చాదస్తులంటారు. నేనూ అదే చెప్పాను. చెప్పినందుకు జీతం కూడా తీసుకున్నాను. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.

మొన్న నవంబరులో ఉదాహరణకని క్లాసులో ఒక డీజే పాట వినిపించాను. ఈ చుట్టుపక్కల ఏ పెళ్ళి ఊరేగింపు చూసినా అదే మోగుతోంది. కింద దడదడమని బీట్, పైన ఒక ఆడమనిషి గొంతు, "నీ వరస ఎవరికిచ్చావే చెల్లీ, నారు కట్ట ఎవరికిచ్చావే" అంటూ మళ్ళీ మళ్ళీ. "ఇది ఊడుపు పాట, వరి నాట్లేస్తూ పాడేది. పొలం పోయింది, పాడిన మనిషి పోయింది, శబ్దం మాత్రం మిగిలింది. దీనికి సొంతదారంటూ ఎవరూ లేరు" అన్నాను. పిల్లలు బల్లల మీద తాళం వేస్తున్నారు. వెనక బెంచీలోంచి బ్లెస్సీ లేచి నిలబడింది.

"మేడమ్, అది ఊడుపు పాట కాదండి. మా అమ్మండి. మా పిన్ని శవం దగ్గర ఏడ్చిందండి."

తాళం ఆగిపోయింది. పాట ఆపేశాను.

ఆ ఆదివారం బ్లెస్సీతో కలిసి మండవల్లి దగ్గర వాళ్ళ ఊరు వెళ్ళాను. తల్లి పేరు రత్నమాణిక్యం, యాభై దాటాయి. పన్నెండో ఏట బురదలో దిగిన మనిషి, ఇప్పుడు ఇరవై మంది ఆడవాళ్ళ ఊడుపు ముఠాకి పెద్ద. ఆవిడ ఒక చరణం అంటే వెనక అందరూ అందుకుంటారు. ఆవిడ పక్క వరస ఎప్పుడూ చెల్లెలు విశ్వాసానిదే. పొలాలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులై పని తగ్గాక, విశ్వాసం ఆ ఊరి పెద్ద ఆసామి సత్యనారాయణమూర్తి గారి చెరువులో కూలికి కుదిరింది. రెండేళ్ళ క్రితం నాచు తీయడానికి నీళ్ళలో దిగితే, రొయ్యలకి గాలి అందించే ఏరియేటర్ మోటారు తీగ నుంచి కరెంటు కొట్టి అక్కడికక్కడే చనిపోయింది. మోటారు ఆపకుండానే దింపారు. కాలు జారి మునిగిపోయిందని మూర్తిగారు చెప్పారు. కాగితాల్లోనూ అదే రాశారు.

ఇక్కడ ఆడవాళ్ళు శవం మీద పడి రాగం తీసి ఏడుస్తారు. ఆ ఏడుపులో పోయినవాళ్ళ ముచ్చట్లతో పాటు వాళ్ళకి అన్యాయం చేసినవాళ్ళ పేర్లూ వస్తాయి. ఎంత పెద్దమనిషైనా నోరు మూసుకుని వినాల్సిందే, ఏడ్చేవాళ్ళని ఆపకూడదు. రత్నమాణిక్యం తనూ చెల్లెలూ కలిసి పాడుకున్న ఊడుపు బాణీలోనే ఏడ్చింది. మోటారు ఆపనిది ఎవరో పేరు పెట్టి చెప్పింది. మూర్తిగారు తల దించుకుని విన్నారట. నిజం పైకి వచ్చింది ఆ ఒక్కసారే. ఎవరో దాన్ని ఫోనులో రికార్డు చేస్తే ఊళ్ళన్నీ తిరిగింది.

"పాట ఎత్తుకెళ్తే ఎత్తుకెళ్ళారండి. మా అమ్మ దగ్గర నేనెత్తుకోలేదా?" అంది రత్నమాణిక్యం. "ఆయన పేరు తీసేశారండి. మొన్న ఆయన కొడుకు పెళ్ళిలో ఆ పాటే ఏయించుకుని, తలకి తువ్వాలు చుట్టుకుని గెంతారండి. నా చెల్లి మీద గెంతినట్టు లేదాండి?"

అంత కోపంలోనూ ఆవిడ 'అండి' వదల్లేదు. నాకు మాత్రం ఆయన్ని ఏకవచనంలో తిట్టాలనిపించింది.

ఆ రికార్డింగుని డీజే పాట చేసిన పర్వేజ్ ఏలూరులోనే ఉంటాడు. చిన్న గది, రెండు కంప్యూటర్లు. నేనూ రత్నమాణిక్యం వెళ్తే మమ్మల్ని కూర్చోబెట్టి, సంగతి విని బిత్తరపోయాడు.

"బాణీ ఊడుపుది, మాటల్లో నారు కట్టలున్నాయి. ఏడుపని అనుకోలేదండీ. ఊడుపు పాటల్లో ఆసామిని ఆట పట్టిస్తారు గదండి, ఆ పేరు కూడా అందుకేననుకున్నాను. పెద్దాయనతో ఎందుకొచ్చిన గొడవని కోసేశానండి."

"నువ్వు కోసింది సాక్ష్యం!" అని అరిచాను. ఆ సాక్ష్యానికే సొంతదారు లేరని క్లాసులో చెప్పినదాన్ని నేనే.

"తీసేస్తానండీ, ఇప్పుడే డిలీట్ చేస్తాను" అన్నాడు.

"వద్దు బాబూ. కోసింది అతికించు చాలు" అంది రత్నమాణిక్యం.

"నా వల్ల కాదమ్మా. ఆయన కొడుకు పెళ్ళికి బాక్సులు పెట్టింది నేనే. ఇంకో నాలుగు పెళ్ళిళ్ళు ఆయన చెప్పినవే ఉన్నాయి."

నేను కేసులంటూ ఏదో మొదలెట్టాను. ఆవిడ నా మాట వినిపించుకోలేదు. "ఊడుపు పాటనుకున్నావు గదయ్యా, సరే. ఊడుపు పాటే చేత్తాను" అని లేచింది.

జనవరిలో రెండో పంటకి దాళ్వా ఊడుపులు మొదలయ్యాయి. చెరువులు తవ్వగా మూర్తిగారికి మిగిలిన ఆరెకరాలూ ఆ చెరువు పక్కనే ఉన్నాయి. నారు ముదిరిపోతోంది, వేరే ముఠా దొరకలేదు, రత్నమాణిక్యానికే కబురు పెట్టారు. ఆవిడ నన్నూ రమ్మంది. గట్టు మీద నిలబడ్డాను.

వంగి మొదటి కుదురు నాటుతూనే ఎత్తుకుంది. "మోటారు ఆపలేదే చెల్లీ, మూర్తిగారు మోటారు ఆపలేదే." ఏడుపుకి ఎవరూ వంత పాడరు, పాటకి పాడతారు. ఇరవై గొంతులూ ఒక్కసారి అందుకున్నాయి. నాకు ఏడుపొచ్చింది, కసిగా సంతోషం కూడా వేసింది.

మూర్తిగారు కారు దిగి గట్టు మీదికి వచ్చారు. రెండు చరణాలు విన్నారు. మొహం మాడిపోయింది.

"ఏవమ్మా రత్నమాణిక్యం, పాడుకుంటే పాడుకోండి. ఆ పేరొకటి తీసేసి పాడండి" అన్నారు.

ఆవిడ నడుం ఎత్తలేదు. "తీసేసింది మీ అబ్బాయి పెళ్ళిలో విన్నారు గదండి. ఇది మొత్తం పాటండి."

వెనక ఆడవాళ్ళు మళ్ళీ ఆయన పేరే అందుకున్నారు.