నలుగురి మధ్య ఒక సీసా

ఎలిజబెత్ గరిటె పట్టిన విందులో తగాదా రాదని పటాన్‌చెరు చర్చికి వచ్చేవాళ్ళందరికీ తెలుసు. కోతపండుగ నాడు ఆమె మాంసం డేగిస ముందు పీట వేసుకుని కూర్చునేది. ఏ పళ్ళెం ముందుకొచ్చినా ఒక ఎముక ముక్క, ఒక మెత్తటి ముక్క, సగం గరిటె పులుసు. పళ్ళెం ఎవరిదో తల ఎత్తి చూసేది కాదు. ఒకసారి పాస్టరుగారు కాస్త వంగి, "జెర మెత్తటివి చూసి వెయ్యమ్మా, పన్ను నొస్తున్నది," అన్నాడు.

"మీ ఒక్కరికి వేస్తే అందరి పండ్లు నొస్తయి అయ్యగారూ," అంది ఎలిజబెత్, ఎముక ముక్క వేస్తూ.

ఆమె జోగిపేట దగ్గరి ఊళ్ళో, ఎనమండుగురు పిల్లలున్న ఇంట్లో పుట్టింది. ఆ ఇంట్లో ఉడికిన గుడ్డును దారంతో కోసేవాళ్ళు. దారమైతే పచ్చసొన రాలదు. కోసినవాళ్ళు చివరి ముక్క తీసుకోవాలన్నది ఆ ఇంటి నియమం. చిన్నప్పుడే కోసే పని ఆమె చేతికి వచ్చింది. చివరి ముక్క తనదే కాబట్టి ఆ చెయ్యి ఎప్పుడూ వంకర పోలేదు.

భర్త పోయాక కొడుకు దేవదానం దగ్గరికి వచ్చింది. దేవదానానికి కొత్తగా లేచిన ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఫ్యాక్టరీ వెనక వాడలో రెండు గదుల కిరాయి ఇల్లు. కోడలు దయావతి. పిల్లలు నలుగురు: రూతు, సామ్యేలు, అహరోను, మార్త. రూతు పొద్దుటిపూట బడికి పోతుంది. మార్తకు ఇంకా మాటలు పూర్తిగా రాలేదు. దేవదానం ఒక్క బన్ను తెచ్చినా అది నాలుగు ముక్కలు కానిదే ఎవరి నోట్లోకీ పోదు. ఆ ఇంట్లో పిల్లలు కొట్టుకునేవాళ్ళు కాదు. కొట్టుకోవడానికి కారణం దొరికేది కాదు.

డెబ్బై నాలుగు వానాకాలంలో అహరోనుకు గొంతు వాచి జ్వరం వచ్చింది. నీళ్ళు మింగినా ఏడ్చాడు. ఎలిజబెత్ వాణ్ణి చంకనేసుకుని బస్టాండు దగ్గరి డాక్టరమ్మ లక్ష్మీనరసమ్మ దగ్గరికి పోయింది. డాక్టరమ్మ టార్చి వేసి గొంతు చూసింది. చీము పట్టిందంది. ఇంతకుముందు ఏ మందుకైనా ఒంటి మీద దద్దుర్లు లేచాయా అని అడిగింది. లేవలేదన్నాక అడుగున పొడి ఉన్న ఒక సీసా ఇచ్చింది.

"కాచి చల్లార్చిన నీళ్ళు ఈ గీత దాకా పోసి కలపండి. పోసిన ప్రతిసారీ సీసా బాగా ఊపాలి. ఇంట్లో చెంచాలు వద్దు, సీసాతో వచ్చిన ఈ చెంచాతోనే, రోజుకు మూడుసార్లు. జ్వరం తగ్గిందని ఆపొద్దు. సీసా అయ్యేదాకా పట్టాలి."

ఎలిజబెత్ ఇవన్నీ చెప్పినట్టే చేసింది. నీళ్ళు కాచింది, చల్లార్చింది, గీత దగ్గర కన్ను పెట్టి పోసింది. సీసా ఊపింది. మందు నారింజ రంగులోకి తిరిగింది, వాసన కూడా నారింజదే. పిల్లలు నలుగురూ చాప మీద వరసగా కూర్చున్నారు. అహరోను ఏడుస్తూ నోరు తెరిచి, మింగి, ఏడుపు ఆపి, పెదవులు నాకాడు.

ఆ నాకడంతోనే పని చెడింది.

"నాయినమ్మా, నా గొంతు సూడు," అని సామ్యేలు నోరు తెరిచాడు. రూతు మర్యాదగా రెండుసార్లు దగ్గింది. దగ్గడం చేతకాని మార్త, "దగ్గు, దగ్గు," అని నోటితో చెప్పింది.

ఎలిజబెత్ నలుగురికీ పోసింది. తలా ఒక చెంచా, చుక్క తేడా లేకుండా.

అహరోను జ్వరం తగ్గింది. సీసా ఖాళీ అయింది. ఆ తర్వాత జ్వరం తిరిగి వచ్చింది.

"సీసా మొత్తం పట్టారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"చుక్క మిగల్చలేదమ్మా."

"ఇంత తొందరగా ఎలా అయిపోయింది?"

"నలుగురికి సరిగ్గ సరిపోయింది," అంది ఎలిజబెత్. విందు బాగా జరిగిందని పాస్టరుగారికి చెప్పినట్టే చెప్పింది.

డాక్టరమ్మ టార్చి బల్ల మీద పెట్టింది. "నలుగురికా?"

"ఒక్కనికి పోసి ముగ్గుర్ని సూడుమంటె ఎట్లమ్మా? పిల్లలాయె."

"అది మిఠాయి కాదు పెద్దమ్మా. వీడి బరువు చూసి, వీడి జబ్బుకు రాసిన మందు. మిగతావాళ్ళకు ఏమైనా అయిందా? దద్దుర్లు గానీ, విరేచనాలు గానీ?"

"సామ్యేలు చెరువు దిక్కు జెర ఎక్కువ పోయిండు."

"అది మందు వల్లే కావచ్చు. జబ్బు లేనివాడికి బాధ తెచ్చారు, జబ్బున్నవాడికి మందు తగ్గించారు." డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఇలా సగంలో వదిలేసిన గొంతు జబ్బు ఒక్కోసారి గుండెను పట్టుకుంటుంది. ఇది ఆట కాదు."

ఎలిజబెత్ చెయ్యి అహరోను ఛాతీ మీదికి వెళ్ళింది. అక్కడే ఉండిపోయింది. ఇంకో చేత్తో డాక్టరమ్మ ఇచ్చిన కొత్త సీసా అందుకుంది.

"ఒక్కనికే పోస్త," అంది.

"సుమారు ఎనిమిది గంటలకొకసారి. గడియారం ఉందా?"

"గడియారం ఎందుకమ్మా, మా దేవదానం ఫ్యాక్టరీల షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ కూస్తది. పొద్దుగాల ఒకటి, మధ్యాన్నం ఒకటి, రాత్రి ఒకటి."

డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. "అయితే వీడిక్కూడా మూడు షిఫ్టులే."

మధ్యాహ్నం సైరన్ కూసింది. ఎలిజబెత్ సీసా ఊపి, అహరోనుకు ఒక్కడికే పోసి, మూత బిగించి, తడిగుడ్డ చుట్టి పిల్లలకు అందని గూట్లో పెట్టింది. ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. నోళ్ళు అలాగే ఉండగా ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ ఇంట్లో అలాంటిది ఎప్పుడూ జరగలేదు.

కాసేపటికి వాకిట్లో పళ్ళేల మోత మొదలైంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర తండ్రి, తండ్రి స్నేహితులు కోరికలు తీర్చమని నినాదాలివ్వడం పిల్లలు రోజూ చూసేదే. సామ్యేలు పిడికిలి ఎత్తాడు.

"హమారీ మాంగే!"

"పూరీ కరో!" అంది రూతు. మార్త పళ్ళేన్ని నేలకేసి కొట్టింది. ఏం జరుగుతోందో తెలియకపోయినా అహరోను కూడా జ్వరం ఒంటితో వచ్చి వాళ్ళ వెనక నిలబడి పిడికిలి ఎత్తాడు.

షిఫ్టు దిగి వస్తున్న పక్కింటి వెంకటేశం సైకిలు ఆపాడు. "ఏందమ్మా, ఇంట్ల గూడ హర్తాళేనా?"

"నువ్వు పోయి బువ్వ తిను," అంది ఎలిజబెత్. అతను పోలేదు. సైకిలు స్టాండు వేశాడు.

దయావతి అత్త చెవిలో, "పాత సీసల షర్బతు కలిపి వాళ్ళకు పోద్దామత్తమ్మా, ఊరుకుంటరు," అంది.

"రెండు సీసలు ఒక్క తీరుగ ఉంటె ఏదో ఒకనాడు చెయ్యి తప్పుతది. అప్పుడు వానికి షర్బతు, వీళ్ళకు మందు." ఎలిజబెత్ గడప మీద కూర్చుంది. "ఇగ చెప్పుండ్రి. ఏం గావాలె మీకు?"

"అందరికి సమానంగ గావాలె," అన్నాడు సామ్యేలు.

ఆ మాట వాడికి నేర్పింది ఆమే. ఎలిజబెత్ మార్త చేతిలోని పళ్ళెం తీసి పక్కన పెట్టింది.

"మందు పంచరాదు. పంచితే మీ తమ్మునికి మళ్ళ జరమొస్తది. వాని గుండెకు పోతది. పని పంచుత. పని అందరికి సమానం."

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. "ఏం పని?" అంది రూతు అనుమానంగా.

ఒప్పందం వెంకటేశం సాక్షిగా కుదిరింది. సైరన్ వినగానే అహరోనును పట్టుకొచ్చి పీట మీద కూర్చోబెట్టడం రూతు పని. మూత బిగించిన సీసాను నాయినమ్మ ముందర ఊపడం సామ్యేలు పని. మింగాడా, బుగ్గలో దాచాడా అని నోరు తెరిపించి చూడడం మార్త పని. చెంచా మాత్రం ఎలిజబెత్ చేతిలోనే. రాత్రి సైరన్‌కు పిల్లలు నిద్రపోతారు కాబట్టి అది నాయినమ్మకు ఓవర్‌టైం.

మర్నాటి నుంచి మధ్యాహ్నం సైరన్‌కు వాడలో సగం మంది ఆ వాకిట్లోనే ఉండేవాళ్ళు. సామ్యేలు సీసాను చేత్తో ఊపేవాడు కాదు. రెండు చేతులతో గుండెకు హత్తుకుని తానే ఎగిరేవాడు. ఎగిరినప్పుడల్లా, "జిందాబాద్!" అనేవాడు. మార్త పీట పక్కన మరో పీట ఎక్కి, తమ్ముణ్ణి చూసినట్టు అన్నను చూస్తూ, "ఆ అను," అనేది. అహరోను ఆ అనేవాడు. "ఇంకా," అనేది. వాడు ఇంకా తెరిచేవాడు. మార్త తల ఊపితే గానీ వాడు పీట దిగడానికి వీల్లేదు. ఒకరోజు మార్త తల ఊపడం మరిచిపోయి, పక్కింటి కోడిపిల్లను చూస్తూ ఉండిపోయింది. వాడు నోరు తెరుచుకుని అట్లాగే కూర్చున్నాడు. వెంకటేశం నవ్వి నవ్వి సైకిలు మీద పడ్డాడు.

జ్వరం పూర్తిగా పోయింది. అహరోను గోలీలాటకు దిగాడు. సీసాలో మందు ఇంకా ఉంది.

"మంచిగయిండు గదత్తమ్మా. ఉన్నది దాచుదాం. రేపు మార్తకు వస్తె పనికొస్తది," అంది దయావతి.

ఎలిజబెత్ సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. రేపటికి కొంత దాచడం ఆమె ఒంట్లోనే ఉంది. ఆమె చెయ్యి ఒక్క క్షణం గూటి వైపు పోయింది.

"పోయినసారి గూడ జరం పోయిందనే అనుకున్నం," అంది చివరికి. "ఇది వాని వంతు. అంతా వానిదే."

తన వంతు వద్దన్నవాడు ఆ ఇంట్లో అహరోనే మొదలు. సైరన్ కూయగానే మంచం కిందికి దూరాడు. "నాకు మంచిగయింది, నేను తాగ," అని లోపలి నుంచి అరిచాడు. రూతు ఒక కాలు పట్టింది, సామ్యేలు ఇంకో కాలు పట్టాడు. మార్త మంచం కిందికి తల పెట్టి, "ఆ అను," అంది. వాడు తిట్టడానికి నోరు తెరిచి, ఆమె ముఖం చూసి నవ్వాడు. నవ్వు ఆగి, లేచి పీట మీద కూర్చున్నాక ఎలిజబెత్ చెంచా పెట్టింది. సీసా అయిపోయేదాకా ప్రతి సైరన్‌కూ ఇదే తంతు.

సీసా ఖాళీ అయ్యాక ఎలిజబెత్ అహరోనును డాక్టరమ్మకు చూపించడానికి బయలుదేరింది. ముగ్గురూ వెంటపడ్డారు. పని చేసినవాళ్ళను రావద్దనే హక్కు ఆమెకు లేకపోయింది.

లక్ష్మీనరసమ్మ టార్చి వేసి అహరోను గొంతు చూసింది. ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది. ఎలిజబెత్ ఆమె కళ్ళనే చూసింది.

"శుభ్రంగా ఉంది పెద్దమ్మా. గుండె కూడా బాగుంది."

"ఇంకొక్కసారి సూడుండ్రి అమ్మా."

డాక్టరమ్మ ఇంకోసారి చూసింది. "బాగుంది."

ఎలిజబెత్ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఈలోగా సామ్యేలు స్టూలు ఎక్కి నోరు తెరిచాడు. వాడి వెనక రూతు, రూతు వెనక మార్త వరస కట్టారు. డాక్టరమ్మ సామ్యేలు గొంతులోకి టార్చి ఒకసారి వేసి ఆర్పేసి, "పద, తర్వాత ఎవరు?" అంది.

"అమ్మా," అంది ఎలిజబెత్ మెల్లగా, "వానిది జెర జల్దీ సూసిండ్రు."

డాక్టరమ్మ ఆమె వైపు చూసింది. తర్వాత టార్చి మళ్ళీ వెలిగించింది.